లెన్సుకు పేటెంటు ఇస్తారు, పరీక్షకు ఎందుకివ్వరు?

కంటి పరీక్ష కోసం తయారుచేసిన కాంటాక్ట్ లెన్సుకు పేటెంటు కోరుతూ వచ్చే దరఖాస్తులో సాధారణంగా రెండు రకాల క్లెయిములు, అంటే దేనిమీద హక్కు కావాలో చెప్పే వాక్యాలు, ఉంటాయి. ఒకటి వస్తువు గురించి: మెత్తటి లెన్సు, దాని అంచు చుట్టూ సెన్సరు, సంకేతాన్ని బయటికి పంపే యాంటెనా. రెండోది పద్ధతి గురించి: ఆ లెన్సును రోగి కంటికి పెట్టి, రీడింగులు తీసి, ఫలానా జబ్బు ఉందని తేల్చడం. మొదటిదానికి మన దేశంలో దారి ఉంది. రెండోది, చికిత్స, రోగనిర్ధారణ పద్ధతులకు పేటెంటు ఇవ్వకూడదనే పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(ఐ) దగ్గర ఆగిపోతుంది. ఎందుకిలా అంటే లెన్సు కథ, చట్టం కథ రెండూ చెప్పుకోవాలి.

వెలుగు పడగానే రెటీనాలో, అంటే కంటి లోపలి పొరలో, పుట్టే అతి చిన్న విద్యుత్ సంకేతాన్ని స్వీడన్‌లో హోమ్‌గ్రెన్ 1865లోనే పట్టుకున్నాడు. మనిషి కంట్లో దాన్ని 1877లో డ్యూవర్ నమోదు చేశాడు. కన్ను కదులుతుంది, రెప్ప పడుతుంది, సంకేతాన్ని అందుకునే ఎలక్ట్రోడు నిలవదు. దశాబ్దాల పాటు ఇదే చిక్కు. 1888లో ఫిక్ గాజు కాంటాక్ట్ లెన్సు గురించి ప్రకటించినా, ఆ లెన్సులోనే ఎలక్ట్రోడు అమర్చి మనిషి రెటీనా సంకేతాన్ని నిలకడగా తీయడం 1941లో అమెరికన్ శాస్త్రవేత్త లోరిన్ రిగ్స్ చేతుల్లో కుదిరింది. 1954లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి బూరియన్-అలెన్ ఎలక్ట్రోడు వచ్చింది. ముందు కంట్లో మత్తు చుక్కలు వేస్తారు. తర్వాత పెట్టే ఆ లెన్సుకే రెప్పలను తెరిచి పట్టే అంచు ఉంటుంది, రోగి రెప్ప వేయాలన్నా పడదు. ఇబ్బందికరమైన పరీక్షే. కానీ పసిపిల్లల్లో, మాటతో చెప్పలేనివాళ్లలో రెటీనా పనిచేస్తోందా లేదా అన్నది ఇలాంటి పరీక్షే చెప్పగలదు.

ఈ వివరాలు పేటెంటు పరిశీలనలో నేరుగా అక్కరకొస్తాయి. "ఎలక్ట్రోడు ఉన్న కాంటాక్ట్ లెన్సు" అని మాత్రమే రాసుకొస్తే, దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్ 1941 నాటి పనిని చూపించి, ఇందులో కొత్తేముంది అని అడుగుతాడు. కొత్తదైతే సరిపోదు, ఆ రంగం తెలిసినవాడికి సులువుగా తట్టేది కూడా కాకూడదు. మామూలు వర్క్‌షాపు మార్పుకు పేటెంటు రాదని బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది.

రోజంతా కంట్లో ఉంచుకునే పరికరం గాజుతో అయ్యేది కాదు. దానికి మెత్తటి లెన్సు కావాలి. ప్రాగ్‌లో ఒట్టో విఖ్టర్లె 1961 క్రిస్మస్ రోజుల్లో ఇంట్లోనే, పిల్లల ఆటసామాను భాగాలతో, సైకిల్ డైనమోతో యంత్రం బిగించి మెత్తటి లెన్సులు పోతపోశాడు. పేటెంటు హక్కులు అమెరికా కంపెనీల చేతికి వెళ్లాయి. 1971లో బాష్ అండ్ లాంబ్ మెత్తటి లెన్సుకు అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికింది.

ఆ మెత్తదనం మీదే స్విట్జర్లాండులోని సెన్సిమెడ్ కంపెనీ ట్రిగ్గర్‌ఫిష్ లెన్సు తెచ్చింది. గ్లాకోమా, మనవాళ్లు నీటికాసులు అనే జబ్బులో, కంటి ఒత్తిడి రోజంతా ఒకేలా ఉండదు. క్లినిక్‌లో ఒత్తిడి కొలిచే టోనోమీటరు చూపేది ఆ ఒక్క క్షణాన్నే. ఈ లెన్సు 24 గంటల పాటు, 5 నిమిషాలకోసారి 30 సెకన్లు కన్ను ఆకారంలో వచ్చే అతి చిన్న మార్పును నమోదు చేస్తుంది. కంటి చుట్టూ అంటించిన యాంటెనా ఆ సంకేతాన్ని అందుకుంటుంది. అమెరికా అనుమతి 2016లో వచ్చింది. 1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీలో గ్లాకోమా బయటపడినవాళ్లలో అత్యధికులకు తమకు ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. కాబట్టి ఇలాంటి పరికరాల సంగతి మనకు దూరపు విషయం కాదు.

ఇక చట్టం. చికిత్స పద్ధతికి పేటెంటు ఇవ్వకూడదన్న ఆలోచన ఇంగ్లండులో 1914 నాటికే ఉంది. శరీరంలోంచి సీసాన్ని తొలగించే పద్ధతికి అక్కడ పేటెంటు నిరాకరించారు. మన 1970 చట్టం వైద్య, శస్త్రచికిత్స పద్ధతులను మొదటినుంచీ మినహాయించింది. రోగనిర్ధారణ మాత్రం 2002 సవరణతో అందులో చేరింది.

ఈ మినహాయింపు అవసరమా అన్న సందేహం ఉన్నవారు పాలిన్ కేసు చూడాలి. అరిజోనా కంటి డాక్టరు శామ్యూల్ పాలిన్, కుట్లు అక్కర్లేని శుక్లాల ఆపరేషన్ కోత మీద పేటెంటు తీసుకుని, అలాంటి కోతే వాడుతున్న వెర్మాంట్ డాక్టరు మీద 1993లో దావా వేశాడు. డాక్టర్లలో పెద్ద దుమారం రేగింది. 1996లో అమెరికా కాంగ్రెస్, వైద్య ప్రక్రియ చేసినందుకు డాక్టర్లను ఇలా కోర్టుకు లాగకుండా చట్టం మార్చింది. రోగి ముందు కూర్చున్న డాక్టరు ఎవరి లైసెన్సూ గుర్తుచేసుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. నా దృష్టిలో మినహాయింపుకు ఈ ఒక్క కారణం చాలు.

అయితే గీత ఎక్కడ గీయాలన్నదే అసలు పేచీ. యూరప్ పేటెంట్ ఆఫీసు విస్తృత అప్పీళ్ల బోర్డు 2005 డిసెంబరులో జీ 1/04 అభిప్రాయంలో దాన్ని చాలా ఇరుకుగా గీసింది. సమాచారం సేకరించడం, ప్రామాణిక విలువలతో పోల్చడం, తేడా గుర్తించడం, ఆ తేడాను జబ్బుకు ముడిపెట్టడం, ఇవన్నీ క్లెయిములో ఉంటేనే అది రోగనిర్ధారణ పద్ధతి. లెన్సుతో సంకేతం తీసి అక్కడితో ఆగే క్లెయిము ఆ మినహాయింపులో పడదు.

మన దగ్గర 2023 అక్టోబరులో మద్రాస్ హైకోర్టు చైనీస్ యూనివర్సిటీ ఆఫ్ హాంకాంగ్ కేసులో వేరే దారి పట్టింది. పరీక్ష ఒంటిమీద జరిగిందా, ల్యాబ్‌లో జరిగిందా అన్న తేడా చట్టంలో లేదంది. ఆ ప్రక్రియ జబ్బును బయటపెట్టగలదా అన్నదే చూడాలంది. గర్భస్థ శిశువు డీఎన్‌ఏకు సంబంధించిన ఆ దరఖాస్తు విషయంలో, పరీక్ష దానంతటది జబ్బును తేల్చదు కాబట్టి మినహాయింపు వర్తించదని తేల్చింది. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసుకే వెళతాయి కాబట్టి ఈ తీర్పు మనవాళ్లకు బాగా దగ్గరిది.

ట్రిగ్గర్‌ఫిష్ లాంటి లెన్సుకు ఈ కొలమానం పెడితే చిక్కు తెలుస్తుంది. అది ఒత్తిడిని పాదరస మిల్లీమీటర్లలో చెప్పదు, రోజు మొత్తం హెచ్చుతగ్గుల తీరును గ్రాఫుగా ఇస్తుంది. దాన్ని చదివి నిర్ణయించేది డాక్టరే. అలాంటప్పుడు రీడింగు తీసే పద్ధతి రోగనిర్ధారణ అవుతుందా? కాదనే నేను అంటాను. కానీ ఆ గ్రాఫును సాఫ్ట్‌వేరు చదివి "జబ్బు ముదురుతోంది" అని చెప్పే క్లెయిము రాస్తే 3(ఐ) తప్పదు, కంప్యూటర్ ప్రోగ్రాములను మినహాయించే 3(కె) కూడా ఎదురొస్తుంది.

ఎగ్జామినర్ అభ్యంతరాలతో మొదటి నివేదిక పంపాక జవాబుకు 6 నెలల గడువు. చాలామంది దరఖాస్తుదారులు పద్ధతి క్లెయిములు వదిలేసుకుని లెన్సుతో బయటపడతారు. పోరాడేవాళ్లకు విచారణ ఉంది, పేటెంటు ఇవ్వాలో వద్దో తేల్చే కంట్రోలర్ ఆర్డరు మీద హైకోర్టుకు అప్పీలూ ఉంది. ఆ ఆర్డరులో మాత్రం, ఈ రీడింగు ఏ జబ్బును ఎలా బయటపెడుతుందో కంట్రోలర్ విడమరిచి రాయాలి. సెక్షన్ నంబరు వేసి తిరస్కరిస్తే, పరికరం కనిపెట్టినవాడికి తన పని గీతకు ఏ వైపు పడిందో ఎప్పటికీ తెలియదు.