రాజులు పోయాక రాజుల చర్చి

పిల్లలూ, ఆశీస్సులు.

"పోలండ్‌లో ఇప్పుడు రాజులు లేరు కదా, మరి రాజుల చర్చిని అంత భద్రంగా ఎందుకు చూసుకుంటున్నారు?" అని మీలో ఒక పాప అడిగింది. ఆ చర్చి క్రాకోవ్ నగరంలో, విస్తులా నది ఒడ్డున, వావెల్ అనే గుట్ట మీద ఉంది. జవాబు కావాలంటే ముందు దాని గంట దగ్గరికి వెళ్లాలి.

ఆ గంటకు అప్పటి రాజు జిగ్ముంట్ పేరే పెట్టారు. 1520లో పోత పోశారు, మరుసటి ఏడు గోపురంలోకి ఎక్కించారు. మూతి వెడల్పు 242 సెంటీమీటర్లు, మన ఇంటి సింహద్వారంలో పట్టదు. గంట ఒక్కటే 9,650 కిలోలు. లోపల వేలాడే నాలుకే 365 కిలోలు. ఇంత బరువునూ పన్నెండు మంది తాళ్లు పట్టుకుని ఊపుతారు.

ఎలాగంటారా? ఉయ్యాలను గుర్తు తెచ్చుకోండి. నాన్న కూర్చున్న ఉయ్యాలను మీరు ఒక్క తోపుతో పైకి లేపలేరు. కానీ అది వెనక్కి వచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ముందుకు కదలబోయేటప్పుడు కొద్దిగా తోస్తే చాలు, ప్రతిసారీ ఇంకొంచెం పైకి పోతుంది. గంటా అంతే. మొదట్లో కదిలీ కదలనట్టుంటుంది, నాలుక అంచును తాకదు, మోత రాదు. ఒక వైపువాళ్లు లాగుతుంటే రెండో వైపువాళ్లు తాడు వదులివ్వాలి. ఒక్కరు వేళ తప్పి లాగినా మిగతావాళ్ల శ్రమ కొంత వృథా అయిపోతుంది. తగినంత ఊపు వచ్చాకే మొదటి దెబ్బ పడుతుంది.

2000 క్రిస్మస్ రోజున ఆ నాలుక పగిలింది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే చివరికి పుటుక్కున తెగుతుంది చూడండి, ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఇనుమూ అలాగే అలిసిపోతుంది. 2001లో కొత్త నాలుక వేలాడదీశారు. గంట మాత్రం ఆనాటిదే.

ఇక చర్చి. ముందున్న కట్టడం 1305లో తగలబడింది. ఇప్పటిదాన్ని 1320లో మొదలుపెట్టి 1364లో ప్రతిష్ఠించారు. ఆ 1320లోనే, ముక్కలైన రాజ్యాన్ని మళ్లీ కూడగట్టిన వ్వాదిస్వాఫ్ ఇక్కడ కిరీటం ధరించాడు. పొట్టివాడు కాబట్టి జనం 'వొకియెతెక్' అన్నారు, మన మాటలో చెప్పాలంటే మూరెడు రాజు! అప్పటి నుంచి 1734 దాకా దాదాపు పోలండ్ రాజులందరి పట్టాభిషేకమూ ఇక్కడే. 1384లో యడ్విగ అనే పది పదకొండేళ్ల పిల్లకు 'రాణి' అని కాదు, 'రాజు' అనే బిరుదుతోనే కిరీటం పెట్టారు. ఆమె తన నగలను క్రాకోవ్ విద్యాలయానికి రాసిచ్చేసింది. అందుకే ఆమె సమాధిలో దొరికిన రాజదండం బంగారంది కాదు, కొయ్యది.

తర్వాత రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా 1772, 1793, 1795లలో ఆ దేశాన్ని మూడు విడతలుగా పంచేసుకున్నాయి. 123 ఏళ్లు పోలండ్ మ్యాపులోనే లేదు. చర్చి పక్కనున్న రాజుల కోట ఆస్ట్రియా సైనికులకు బ్యారక్స్ అయిపోయింది. మళ్లీ ఉయ్యాల దగ్గరికే వస్తున్నాను. 'మాకంటూ ఒక దేశం ఉంది' అన్న తలపే ఇక్కడ ఉయ్యాల. ఆగిపోబోయే ఆ ఉయ్యాలను జనం ఈ చర్చిలోనే కొద్దికొద్దిగా తోస్తూ వచ్చారు. దేశ స్వాతంత్ర్యం కోసం పోరాడి, స్విట్జర్లాండ్‌లో చనిపోయిన వీరుడు కొష్చూష్కోను 1818లో తెచ్చి రాజుల పక్కన పడుకోబెట్టారు. 1869లో మరమ్మతులు చేస్తుంటే కాజిమిర్ మహారాజు సమాధి అనుకోకుండా తెరుచుకుంది. లోపల ఎముకలు, కిరీటం, రాజదండం కనిపించాయి. అయిదు వందల ఏళ్ల కిందట పోయిన రాజుకు ఊరంతా కదిలి మళ్లీ అంత్యక్రియలు చేసింది. 1890లో కవి మిత్స్కెవిచ్‌ను ఫ్రాన్స్ నుంచి తెచ్చారు. రాజుల మధ్య ఒక కవి!

1918లో పోలండ్ మళ్లీ మ్యాపు మీదికి వచ్చింది. ప్రపంచయుద్ధంలో ఆ మూడు సామ్రాజ్యాలూ కూలడం వల్లే అది కుదిరింది, నిజమే. కానీ అప్పటికే ఊపు పూర్తిగా ఆగిపోయి ఉంటే, మా దేశం ఇదీ అని అడగడానికి ఎవరు మిగిలేవారు? పాప అడిగినదానికి నాకు తోచిన జవాబు ఇదే.

ఈ ఆదివారం పార్కులో ఖాళీ ఉయ్యాల దొరికితే రెండు వేళ్లతో మాత్రమే తోయండి. ఎన్నో తోపుకు మీ భుజం ఎత్తుకు వచ్చిందో లెక్కపెట్టండి. తర్వాత ఒక్కసారి కావాలని వేళ తప్పి తోయండి. ఏమైందో నాకు రాయండి.

మీ తాతయ్య