థార్, జిమ్నీలకు లిఫ్ట్ కిట్: ఆటోనగర్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

బండి బాడీని పైకి లేపే స్ప్రింగులు, స్పేసర్ల సెట్టే లిఫ్ట్ కిట్. దాని కోసం విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు థార్, జిమ్నీ జీపులు తెచ్చేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని అంగుళాలు లేపొచ్చన్నా?" అని. నేను తిరిగి అడిగేది వేరు. వారంలో ఆరు రోజులు ఈ బండి ఎక్కడ తిరుగుతుంది? బెంజి సర్కిల్, ఆఫీసు, పిల్లల స్కూలు, అప్పుడప్పుడు గుంటూరు. ఆ జవాబును బట్టే కిట్ తేలాలి. ఆదివారం వెళ్లే రాళ్లబాటను బట్టి కాదు.

అపోహ: లిఫ్ట్ చేస్తే కింద ఏదీ తగలదు.

సగమే నిజం. బాడీ, ఛాసిస్, బంపర్ పైకి లేస్తాయి. ఎత్తు గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్, గట్టు దాటేటప్పుడు బండి నడుము తగలకుండా ఉంటాయి. కానీ జిమ్నీకి ముందూ వెనకా, కొత్త థార్‌కు వెనక సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు, ఉంటుంది. దాని మధ్యలో ఉండే డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల డబ్బా) చక్రాలతోనే ఉంటుంది కాబట్టి స్ప్రింగు ఎంత పెంచినా అది నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ టైరు వ్యాసం పెరిగిన దాంట్లో సగం. థార్‌కు కంపెనీ ఇచ్చే 255/65 ఆర్18 టైరు వ్యాసం దాదాపు 789 మి.మీ. 265/70 ఆర్18 వేస్తే 828. అంత ఖర్చు పెట్టినా డిఫరెన్షియల్ కింద దక్కేది 20 మి.మీ. పైగా స్పీడోమీటర్ 100 చూపిస్తే బండి 105కు దగ్గరగా పోతుంటుంది.

కృష్ణా నది ఇసుకలో ఇరుక్కున్నవాళ్లకైతే లిఫ్ట్ ఊసే అక్కర్లేదు. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించితే చాలావరకు బయటపడతారు. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవాలి, అంతే.

అపోహ: స్పేసరైనా స్ప్రింగయినా ఒకటే, ఎత్తు వస్తే చాలు.

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. స్పేసర్ అంటే ఉన్న స్ప్రింగు పైన పెట్టే దిమ్మ. కొత్త థార్ ముందు భాగం డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. షాక్ అబ్జార్బర్ కింది ఆర్మ్ మీద చక్రానికి లోపలివైపు కూర్చుంటుంది. అందుకే పైన అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర అంగుళం కన్నా ఎక్కువే లేస్తుంది. డబ్బా మీది అంకె చూసి కొనేవాళ్లకు ఇది తెలీదు. ఎక్కువ లేపితే డ్రైవ్ షాఫ్టులు, బాల్ జాయింట్లు రోజంతా వాలుగా పనిచేయాలి. జాయింటు మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి గ్రీజు బయటకు చిమ్మితే ఇక జాయింటు ఎన్నాళ్లో ఉండదు.

స్ప్రింగులూ అన్నీ ఒకటి కావు. ఖాళీ బండికి, మధ్యస్థ లోడుకు, భారీ లోడుకు వేరువేరుగా వస్తాయి. ఇరుక్కున్న బండిని లాగే వించ్ లేదు, వెనక సామాను లేదు, అయినా "హెవీ" స్ప్రింగే కావాలంటారు. ఒక్క స్పీడ్ బ్రేకర్ దాటగానే వెనక సీటు వాళ్ల నడుము సంగతి తేలిపోతుంది. (ముందు బిగించే ఇనుప బుల్‌బార్ బరువును లెక్కలో వేసుకోకండి, 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది.)

జిమ్నీ కథ వేరు. లేపగానే ముందు యాక్సిల్ కాస్త తిరిగి, కాస్టర్ కోణం, అంటే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం, తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, హైవే మీద బండి తేలినట్టుంటుంది. దీనికి కాస్టర్ సరిచేసే బుష్‌లు (ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు) ఉన్నాయి. రెండంగుళాల కిట్‌లో అవి లేకపోతే ఆ కిట్ వద్దు.

అపోహ: లేపిన బండి వరదలోనైనా పోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పటి నుంచి ఈ మాట ఎక్కువగా వింటున్నాను. థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మి.మీ. రెండంగుళాలు లేపితే ఇంజను గాలి పీల్చే చోటు 50 మి.మీ. పైకి పోతుంది, నిజమే. చక్రాల బేరింగులు, డిఫరెన్షియల్ మాత్రం ఎక్కడున్నవి అక్కడే. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, దానికి గాలి ఆడే బ్రీదర్ గొట్టం మూతి కిందుంటే నీటిని లాగేస్తుంది. తర్వాత ఆయిల్ దించి చూస్తే పాలు పోసిన టీ రంగు. కాబట్టి ముందు ఆ గొట్టాన్ని పైకి పొడిగించండి, ఖర్చు కూడా తక్కువే. ఇక పక్క నుంచి తోసే ప్రవాహానికి ఏ కిట్టూ అడ్డు కాదు.

అపోహ: చిన్న లిఫ్టే కదా, ఎవరడుగుతారు?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రవాణా శాఖను, బీమా కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగండి.

రోజూ తిరిగే బండికి నా లెక్క ఇది: ముందు మంచి టైరు, ఆపైన కావాలంటే అంగుళం, అంగుళంన్నర. దానికి సరిపడే షాకులు కూడా తీసుకోవాలి. కొనేముందు అపార్ట్‌మెంటు సెల్లార్ ఎత్తు కొలవండి. మొదటే 1.85 మీటర్లున్న థార్‌కు లిఫ్టూ, పైన క్యారియరూ కలిస్తే దూలం తగలొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి లేపిన బండి ఎక్కించి చూడండి.

బిగించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడండి. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి జాకీ మీద ఉండగా ఫైనల్‌గా బిగిస్తే, కిందికి దిగగానే బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు. తర్వాత అలైన్‌మెంటు, వెయ్యి కిలోమీటర్లకు బోల్టులు మరోసారి చూపించుకోవడం. హెడ్‌లైట్ల వెలుగు కిందికి పడేలా సరిచేయించడం కూడా మరిచిపోవద్దు, లేదంటే రాత్రిపూట బ్యారేజీ మీద ఎదురొచ్చే ప్రతి బైకువాడూ తిట్టుకుంటాడు.