రంపం లోపలికి ఎలా వెళ్ళింది?

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. సెలవులకు వచ్చినప్పుడు నా గదిలో గోడకున్న చెక్క సీతాకోకచిలుకను మీరంతా చూశారు. బాగుందని అందరూ అన్నారు. మీలో చిన్నది మాత్రం కుర్చీ ఎక్కి, దాని అంచంతా వేలితో తడిమి, "తాతయ్యా, రెక్కల్లో ఇన్ని కిటికీలున్నాయి, బయటి నుంచి లోపలికి కోసిన గీత ఒక్కటీ లేదు. మరి రంపం లోపలికి ఎలా వెళ్ళింది?" అని అడిగింది. ఆ ప్రశ్న విని ఎంత సంతోషం వేసిందో! కోసిన వస్తువును చూసి, కోత ఎక్కడ మొదలైందా అని వెతికిన వాళ్ళకు సగం పని వచ్చేసినట్టే. మీ ప్రయాణం హడావిడిలో అప్పుడు సరిగ్గా చెప్పడం కుదరలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. పెద్దవాడు చదివి వినిపించాలి. చిన్నది మధ్యలో ప్రశ్నలు వేస్తే విసుక్కోకూడదు.

ముందు ఆ రంపం సంగతి. దాన్ని స్క్రోల్ సా అంటారు. మీరు మామూలుగా చూసే రంపం పొడుగ్గా, వెడల్పుగా ఉంటుంది. చెక్కను కదలకుండా పట్టుకుని రంపాన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. దాంతో తిన్నగా కోయడం తేలిక, చిన్న వంపు తిరగడం కుదరదు. స్క్రోల్ సా దగ్గర వ్యవహారం తలకిందులు. రంపం ఉన్నచోటే ఉంటుంది, చెక్కే తిరుగుతుంది.

మీ ఇంట్లో కుట్టు మిషన్ ఉంది కదా, వెళ్ళి దాని ముందు నిలబడండి. సూది ఒకే చోట పైకీ కిందికీ ఆడుతుంది, గుడ్డ దాని కింద జరుగుతూ పోతుంది. పువ్వు కుట్టాలంటే ఎవరూ సూదిని తిప్పరు, గుడ్డను తిప్పుతారు. ఇక్కడా అంతే. సూది ఉండాల్సిన చోట సన్నటి బ్లేడు ఉంటుంది. పొడవు అయిదంగుళాలు, వెడల్పు దాదాపు ఒక మిల్లీమీటరు. పైనా కిందా రెండు కొసల్నీ పట్టుకుని మోటారు దాన్ని నిమిషానికి 400 సార్ల నుంచి 1,600 సార్ల దాకా ఆడిస్తుంది. ఆడే దూరం ముప్పాతిక అంగుళం, అంతే. మిషన్లో గుడ్డను నొక్కిపట్టే పాదం ఉన్నట్టే, చెక్క ఎగిరిపడకుండా నొక్కిపట్టే పాదం ఇక్కడా ఉంటుంది. పల్చటి గుడ్డకు సన్నసూది, మందపు గుడ్డకు లావుసూది వేస్తారు కదా, బ్లేడుకూ నంబర్లున్నాయి. పల్చటి ప్లైవుడ్‌లో చిన్న చిన్న వంపులకు 1, 3 నంబర్లు, మందమైన చెక్కకు 7, 9.

19వ శతాబ్దంలో, ఇళ్ళకు కరెంటు రాకముందు, స్క్రోల్ సాలను కాలితోనే తొక్కేవారు. కింద పెడలు, పక్కన చక్రం, చక్రానికి బెల్టు. పైన సూది బదులు రంపం ఉందన్న మాటే గానీ, కూర్చున్న మనిషి పాదాలు చేసే పని ఒకటే.

నిజానికి నా మొదటి పాఠం కూడా మా అమ్మ కుట్టు మిషన్ మీదే. నాకు మీ వయసున్నప్పుడు, మధ్యాహ్నం పూట ఆవిడ కుట్టుకుంటుంటే పక్కన చేరి చక్రం పట్టుకుని సతాయించేవాణ్ణి. ఒకరోజు దారం తీసేసి, పాత కాగితం మీద పెన్సిల్‌తో మెలికల గీత గీసి, "దీని వెంట సూది నడుపు చూద్దాం" అంది. గీత మీద వరసగా బెజ్జాలు పడుతుంటే ఎంత గొప్పగా ఉండేదో! అమ్మ రెండే రెండు మాటలు చెప్పేది. "సూదిని చూడకురా, సూదికి ముందున్న గీతను చూడు. కాగితాన్ని తొయ్యకు, అది ఎంత తీసుకుంటే అంతే ఇవ్వు." ఈనాటికీ నేను స్క్రోల్ సా ముందు కూర్చుంటే అవే మాటలు. చెక్కను గట్టిగా తోస్తే బ్లేడు వెనక్కి వంగుతుంది, గీత తప్పుతుంది, చివరికి టప్ మని తెగుతుంది. ఓపిక పడితే అదే కోసుకుంటూ పోతుంది. బడి లెక్కలైనా, చెక్క పనైనా, తొందరపడ్డ చోటే చెడుతుంది నాయనా.

మూల తిప్పడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. చదరంగా కుట్టేటప్పుడు మూల దగ్గర సూదిని గుడ్డలోనే దించి ఉంచి, పాదం ఎత్తి, గుడ్డను ఆ సూది చుట్టూ తిప్పేది. స్క్రోల్ సాలో మూల వచ్చిందంటే తోయడం ఆపేస్తాం. బ్లేడు ఆడుతూనే ఉంటుంది. అది తనకు చాలినంత చోటు చేసుకున్నాక చెక్కను ఉన్నచోటే తిప్పి మళ్ళీ బయల్దేరతాం. బ్లేడు అంత సన్నగా ఉంది కాబట్టే ఇది సాధ్యం.

చిన్నదాని ప్రశ్నకు జవాబు మాత్రం అమ్మ దగ్గర దొరకలేదు. అది మా బడి దారిలో ఒక వడ్రంగి దగ్గర దొరికింది. ఆయన దగ్గర మోటారు లేదు. యు ఆకారంలో వంగిన పెద్ద ఇనుప చట్రం, దాని రెండు కొసల మధ్య వెంట్రుకంత సన్నని బ్లేడు, కింద పిడి. బల్ల అంచుకు, ముందు వైపు వి ఆకారంలో కోసిన చిన్న పలక బిగించి, దానిమీద చెక్క పెట్టి కోసేవాడు. రెండు మూడు కోతలకోసారి ఉఫ్ మని పొట్టు ఊదేవాడు, గీత కనబడాలి కదా. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని నేను అక్కడే నిలబడిపోయేవాణ్ణి. ఒకసారి ఆయన కిటికీ కోయాల్సి వచ్చింది. చెక్క మధ్యలో, పారేసే భాగంలో, చిన్న బెజ్జం వేశాడు. చట్రం పై కొస మర విప్పి బ్లేడును వదులు చేశాడు. ఆ కొసను బెజ్జంలోంచి దూర్చి, మళ్ళీ పైన బిగించాడు. ఇప్పుడు చెక్క బ్లేడుకు పూసలా గుచ్చుకుని ఉంది! లోపలంతా చుట్టూ కోశాడు, ముక్క ఊడి కింద పడింది. మళ్ళీ మర విప్పి, బ్లేడు లాగేసి, ఇంకో బెజ్జంలో దూర్చాడు.

అదీ సంగతి. రంపం అంచు నుంచి రాలేదు, కింది నుంచి వచ్చింది. నా స్క్రోల్ సాలోనూ అదే పద్ధతి. స్విచ్ ఆపడం, బ్లేడు పై కొస విప్పడం, బెజ్జంలో దూర్చడం, బిగించడం. బిగువు సరిపోయిందా అని వేలితో మీటితే టింగ్ మని మోగాలి. సీతాకోకచిలుకలో ఎన్ని కిటికీలున్నాయో అన్నిసార్లూ ఇదంతా చెయ్యాలి. ఈసారి వచ్చినప్పుడు ఏదైనా కిటికీలో గీతను వేలితో పట్టుకుని చూడండి. ఒక చోట బెజ్జం నుంచి వచ్చి గీతలో కలిసిన జాగా చాలా చిన్న గరుకుగా తగులుతుంది. సాండ్ పేపర్‌తో ఎంత రుద్దినా ఎక్కడో ఒకచోట అది మిగులుతుంది.

ఇందులో ఒక వరస ఉంది, దాన్ని తప్పకూడదు. ముందు లోపలి కిటికీలు, చివరికి బయటి అంచు. లోపలి వాటిలోనూ చిన్నవి ముందు. బయటి రూపం ముందే కోసేస్తే చేతితో పట్టుకోవడానికి చోటు ఉండదు. సన్నటి రెక్కలు పట్టు లేక ఊగుతాయి, విరుగుతాయి. చుట్టూ చెక్క ఉన్నంతసేపూ అది బొమ్మను కాపు కాస్తుంది. అందమైన పని ఏదో బయటి ఆకారమే అనుకుని ముందు దానిమీదికి పోవాలనిపిస్తుంది, ఆగాలి.

బ్లేడు పళ్ళు కూడా చూపిస్తాను. అవి కిందికి తిరిగి ఉంటాయి, అందుకే కోసేటప్పుడు చెక్క బల్లకు అదిమి ఉంటుంది. అలా కిందికి దిగేటప్పుడు అడుగు పక్క నార చీలి రేగుతుంది. దాన్ని ఆపడానికి కొన్ని బ్లేడులకు అడుగున నాలుగైదు పళ్ళు పైకి తిప్పి పెట్టారు. పైకి లేచేటప్పుడు అవి అడుగును శుభ్రం చేస్తాయి. ఎంత తెలివో!

ఇంత దూరం కుట్టు మిషన్ మనతో వచ్చింది, దారం దగ్గర మాత్రం విడిపోతుంది. మిషన్ కలుపుతుంది, రంపం విడదీస్తుంది. అయినా దాన్ని పూర్తిగా వదలబుద్ధి కావడం లేదు. రెండు పొరల గుడ్డ పెట్టి ఒకేసారి కుట్టినట్టు, రెండు పలకలు ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకేసారి కోయొచ్చు. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ రాజు దగ్గర ఆంద్రే షార్ల్ బూల్ (1642-1732) అనే వడ్రంగి ఉండేవాడు. ఆయన ఇత్తడి రేకును, తాబేటి చిప్పను కలిపి ఒకే కోతలో కోసేవాడు. ఇత్తడి పువ్వు చిప్పలో సరిగ్గా కూర్చునేది, చిప్ప పువ్వు ఇత్తడిలో కూర్చునేది. ఒక కోతకు రెండు బొమ్మలు. మీరు ఇష్టంగా ఆడే పజిల్ కూడా రంపం బిడ్డే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ పటాలను పల్చటి చెక్కకు అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలు భూగోళం నేర్చుకోవడానికి అమ్మాడు. పాఠాన్ని ముక్కలు చేసి చేతికిచ్చాడన్నమాట.

ఇంకోటి చెప్తాను, దీన్ని పూర్తిగా వివరించను. స్క్రోల్ సా బల్లను నాలుగైదు డిగ్రీలు వంచొచ్చు. అలా వంచి, మామూలు పలకలో నత్తగుల్ల మెలికలాంటి గీతను మధ్య నుంచి చుట్టూ తిప్పుతూ కోస్తే, పలక పలకలాగే ఉంటుంది. దాన్ని ఎత్తి వదిలితే మధ్యభాగం కిందికి జారి, చుట్లు ఒకదాన్నొకటి పట్టుకుని, బుట్టగా నిలబడుతుంది! కింది నుంచి నొక్కితే మళ్ళీ పలక. చుట్లు జారి జారి ఒకచోట ఎందుకు ఆగిపోతాయి? బల్ల వంచకుండా నిటారుగా కోస్తే ఏమవుతుంది? నేను ఎన్నిసార్లు చేసినా ఆ ఆగే క్షణంలో నా చేతులు చిన్నపిల్లాడి చేతులైపోతాయి. దాని వెనక ఉన్న లెక్కను మీరే పట్టుకోవాలి.

జాగ్రత్తలు కూడా వినండి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా దీని స్విచ్ ముట్టుకోకూడదు. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. పొట్టు కంటికి కనబడనంత సన్నగా ఎగురుతుంది. జుట్టు ముడి వేసుకోవాలి, వదులు చేతుల చొక్కా వద్దు. వేళ్ళు బ్లేడుకు రెండు పక్కలా ఉండాలి, ఎన్నడూ ఎదురుగా ఉండకూడదు.

ఇప్పుడు మీకో పని. రంపం అక్కర్లేదు. మీ పేరు పెద్ద అక్షరాల్లో, రెండు గీతల మందంతో రాయండి. అది చెక్క అక్షరమైతే ఏ ముక్క విడిగా రాలిపోతుందో వెతకండి. ఠ లో మధ్యనున్న చుక్కకు ఏ ఆధారమూ లేదు. ప, స ల తలకట్టు ఒంటికి అంటదు. సున్న అయితే పక్క అక్షరానికే తగలదు. రాలిపోయే ప్రతి ముక్కకూ చిన్న వంతెన గీసి అక్షరానికి కలపండి. మరీ సన్నగా వద్దు, విరుగుతుంది. ఊడిపోవాల్సిన కిటికీల్లో పెన్సిల్‌తో చుక్క పెట్టండి, అక్కడ డ్రిల్లు వేస్తాను. గీసిన కాగితాలు నాకు పంపండి. ఎక్కడ వంతెన చాలదో చూసి తిరిగి రాస్తాను. బాగా కుదిరిన వాటిని ఈసారి వచ్చినప్పుడు కలిసి కోద్దాం.

మీ
తాతయ్య