కొత్త మెషిన్‌లో పాత విండోస్: గొడవ మొదలైంది 2016 జనవరిలో

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. దాంతో పాత తగవు మళ్లీ పైకి లేచింది. డబ్బు పెట్టి కొన్న కంప్యూటర్లో ఏ విండోస్ ఉండాలో తేల్చాల్సింది కొన్నవాళ్లా, తయారుచేసినవాళ్లా? దీన్ని ఎక్స్‌పీ రోజుల నుంచి చెప్పుకుంటూ రానక్కర్లేదు. 2016 జనవరి 15న మైక్రోసాఫ్ట్ చేసిన ఒక్క ప్రకటన అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

అంతకుముందు లెక్క తేలిక. ప్రతి విండోస్‌కీ ఒక గడువు తేదీ ఉండేది. విండోస్ 7కి అది 2020 జనవరి 14. అప్పటిదాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. లోపల ఏ ప్రాసెసర్ ఉందని ఎవరూ అడగరు, డ్రైవర్లు దొరికితే చాలు. ఆ జనవరిలో మాట మారింది. ఇక నుంచి కొత్త ప్రాసెసర్లకు అప్పటికి సరికొత్తగా ఉన్న విండోస్ మాత్రమే అన్నారు. ఇంటెల్ కేబీ లేక్, ఏఎండీ బ్రిస్టల్ రిడ్జ్ అనే కొత్త ప్రాసెసర్లకు విండోస్ 10 ఒక్కటే. ఇంటెల్ అంతకుముందు తరం ప్రాసెసర్ స్కైలేక్‌తో అప్పటికే అమ్ముడవుతున్న మెషిన్లలో కూడా, ఎంపిక చేసిన మోడళ్లకే, 2017 జులై 17 వరకే విండోస్ 7. ముందే రాసిచ్చిన గడువులో రెండున్నరేళ్లు కోత పడిందన్నమాట. కస్టమర్లు గట్టిగా అడగడంతో మార్చిలో ఏడాది పొడిగించారు, ఆగస్టులో పాత గడువు మొత్తం తిరిగిచ్చారు. అదీ స్కైలేక్ వరకే. తర్వాతి ప్రాసెసర్ల విషయంలో వెనక్కి తగ్గలేదు.

విండోస్ 7 తయారైన నాటికి ఇలాంటి చిప్‌లు లేవని, ఇంటరప్ట్‌లు, బస్, పవర్ స్టేట్‌ల విషయంలో దాని పాత అలవాట్లకు తగ్గట్టు డ్రైవర్లూ ఫర్మ్‌వేరూ సర్దుకోవాల్సి వస్తోందని కంపెనీ చెప్పింది. ఇందులో నిజం ఉంది. స్కైలేక్‌తో వచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్‌లో ఇంటెల్ పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ను తీసేసింది. పోర్టులన్నీ ఎక్స్‌హెచ్‌సీఐ అనే కొత్త కంట్రోలర్ కిందికి వచ్చాయి. దానికి విండోస్ 7 సెటప్‌లో డ్రైవర్ లేదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, భాష ఎంచుకోమనే స్క్రీన్ వస్తుంది. అక్కడ మౌస్ కదలదు, కీబోర్డ్ పనిచేయదు. అది దాటినా ఎన్‌వీఎంఈ (కొత్త రకం వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ) డిస్క్ కనిపించదు. మొదటిసారి ప్రయత్నించినవాళ్లకు మెషిన్ పాడైపోయిందేమోనని టెన్షన్ పట్టుకునేది.

కానీ ఈ ముడులన్నిటికీ విప్పే దారి ఉండేది. పాత పీఎస్/2 పోర్టు ఉన్న బోర్డుల్లో ఆ కీబోర్డ్‌తో పని నడిచేది. ఇన్‌స్టాల్ ఫైళ్లలోకి యూఎస్‌బీ డ్రైవర్ చేర్చే టూల్‌ను ఇంటెలే ఇచ్చింది. ఎన్‌వీఎంఈ కోసం హాట్‌ఫిక్స్ ఇచ్చింది స్వయంగా మైక్రోసాఫ్టే. ఓపికగా కూర్చుంటే విండోస్ 7 ఎక్కేది, చక్కగా నడిచేది.

2017 ఏప్రిల్‌లో వచ్చింది మాత్రం ముడి కాదు, తాళం. కొత్త ప్రాసెసర్ కనిపిస్తే విండోస్ 7, 8.1లలో అప్‌డేట్లు ఆపేసే తనిఖీ పెట్టారు. ‘మీ హార్డ్‌వేర్‌కు మద్దతు లేదు’ అనే సందేశం మొదలైంది. ఆ తనిఖీ పొరపాటున ఏఎండీ పాత ప్రాసెసర్ కారిజో ఉన్న డీడీఆర్4 మెషిన్లను కూడా ఆపేసింది. ఆ సంగతి మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. అప్‌డేట్ సర్వీస్‌లో ప్రాసెసర్‌ను చూసే చిన్న ఫంక్షన్‌ను ఔత్సాహికులు వెతికి పట్టుకుని దాన్ని దాటేసే ప్యాచ్ రాశారు. అది వేస్తే అవే అప్‌డేట్లు అవే మెషిన్లలో ఇన్‌స్టాల్ అయ్యాయి. హార్డ్‌వేర్ అడ్డమైతే ఇది జరిగేది కాదు. పైగా నెల తిరిగేసరికి, మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ విరుచుకుపడింది. దాన్ని అడ్డుకునేలా మార్చిలో వచ్చిన ప్యాచ్ వేసుకోని విండోస్ 7 మెషిన్లే అందులో ఎక్కువగా దెబ్బతిన్నాయి. అప్‌డేట్లు ఆపడం ఎంత ప్రమాదమో ఇంతకంటే స్పష్టంగా తెలిసే సందర్భం లేదు. అయినా తాళం తీయలేదు.

ఆ తర్వాతి సంగతులు త్వరగానే జరిగిపోయాయి. 2020లో విండోస్ 7 గడువు ముగిసింది. 2023లో క్రోమ్ 109 తర్వాత కొత్త వెర్షన్లు దానికి రాలేదు.

ఇప్పటి గొడవకు అసలు ముడి 2021లో పడింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్‌తో పాటు ప్రాసెసర్ల లిస్టు కూడా పెట్టారు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అన్నారు. 2016లో కొత్త చిప్‌కి పాత విండోస్ ఇవ్వని పద్ధతే ఇప్పుడు పాత చిప్‌కి కొత్త విండోస్ ఇవ్వకుండా ఆపింది. తేదీ స్థానంలో ప్రాసెసర్‌ను పెట్టాక ఆ లిస్టు ఎటు తిప్పినా కోస్తుంది. కేబీ లేక్ ఏడో తరం కాబట్టి బయట ఉండిపోయింది. మినహాయింపు దొరికిన కొద్ది చిప్‌లలో ఒకటి ఐ7-7820హెచ్‌క్యూ. మైక్రోసాఫ్ట్ సొంత సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్నది అదే.

విండోస్ 10 తప్ప మరొకటి కుదరదని కేబీ లేక్ కొన్నవాళ్లకు మొదటి రోజే చెప్పారు. వాళ్లు ఆ మాటే విన్నారు. ఆ మెషిన్లలో ఎక్కువ భాగానికి అధికారికంగా దక్కిన ఒకే ఒక్క విండోస్ అది. అక్టోబర్ 14న ఆగిపోయిందీ అదే.