హరాంబే బడుల బాకీ

హైస్కూలు చదువు ఉచితమే అంటున్న కెన్యా సర్కారు ఒక్కో విద్యార్థికి ఏటా 22,244 షిల్లింగులు ఇవ్వాలి. అంత ఇచ్చే స్తోమత లేదని 2025 జూలైలో ఆర్థిక మంత్రి జాన్ ఎంబాడి చెప్పడంతో రగడ మొదలైంది. ఆదాయం చాలడం లేదన్నది అప్పట్లో సర్కారు మాట. ఇలాంటప్పుడల్లా పక్కనున్న టాంజానియాతో పోలిక వస్తుంది: హైస్కూలు చేరికల్లో కెన్యాయే ఎప్పుడూ ముందు కదా అని. ముందే, నిజమే. ఆ ముందంజకు డబ్బు ఎవరు పెట్టారన్నదే అసలు సంగతి.

మలుపు 1967లో ఉంది. టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే ఆ ఏడాది స్వావలంబన విద్యా విధానం ప్రకటించారు. ముందు అందరికీ ప్రాథమిక చదువు, హైస్కూలు సీట్లు మాత్రం దేశానికి అవసరమైన ఉద్యోగాల లెక్కన. ప్రైవేటు బడులకూ కళ్లెం వేశారు. కిలిమంజారో కాఫీ రైతులు మాత్రం ఊరుకోకుండా సొంత బడులు కట్టుకున్నారనుకోండి. 1980ల మొదట్లో టాంజానియాలో హైస్కూలు చేరికలు 3 శాతం దరిదాపుల్లో ఉంటే, కెన్యాలో 20 శాతం దాకా ఉన్నాయి.

కెన్యాలో జరిగింది వేరు. తొలి అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ఇచ్చిన నినాదం హరాంబే, అంటే అందరూ కలిసి లాగుదాం అని. ఊరి మైదానంలో మైకు పెడతారు. నాయకుడు ఎంత ఇచ్చాడో అందులో చదువుతారు. డబ్బు లేనివాళ్లు కోడినో మొక్కజొన్న బస్తానో తెస్తే అక్కడే వేలం. ఆ డబ్బుతో గోడలు లేస్తాయి, పైన రేకులు పడతాయి, తర్వాత సర్కారు టీచర్ని పంపుతుందని ఎదురుచూపు. 1970ల మధ్యకల్లా ఇలాంటి హైస్కూళ్లు సర్కారు బడుల సంఖ్యను దాటేశాయి. వాటిలో ఫీజు ఎక్కువ, శిక్షణ ఉన్న టీచర్లు తక్కువ. సర్కారు బడిలో సీటు రానివాళ్లకు అవే దిక్కు. ఎండిపోయిన ఉత్తర జిల్లాల్లో చందా ఇచ్చే చేతులే తక్కువ, బడులూ అంతే. 2008లో ఫీజు మాఫీ వచ్చాకా హాస్టల్ ఖర్చు తల్లిదండ్రుల మీదే ఉంది.

టాంజానియా 2004 తర్వాత పరుగు అందుకుంది. వార్డుకో హైస్కూలు అన్నారు. ఇసుక, రాళ్లు జనమే మోశారు. కొద్ది వారాల శిక్షణతో తరగతిలోకి వచ్చిన కుర్ర టీచర్లకు జనం ఫోన్ రీఛార్జ్ పేరు తగిలించి 'వోడాఫాస్టా' అన్నారు. 2012 ఫారం 4 (హైస్కూలు నాలుగో ఏడు) పరీక్షలో 60 శాతం పైగా తప్పారు. గగ్గోలు పుట్టి, ఫలితాలు రద్దు చేసి మళ్లీ లెక్కగట్టాల్సి వచ్చింది. 2016 నుంచి ఫారం 4 దాకా ఫీజు లేదు.

శాతాలు పక్కపక్కన పెట్టేవాళ్లు ఒకటి మరిచిపోతారు. 1985లో 8-4-4 పద్ధతి (ఎనిమిదేళ్లు ప్రాథమికం, నాలుగేళ్లు హైస్కూలు, నాలుగేళ్లు డిగ్రీ) తెచ్చాక కెన్యా లెక్కలో హైస్కూలు అంటే నాలుగేళ్లే ఉండేది. టాంజానియాలో ఆరేళ్లు, చివరి రెండేళ్లలో పిల్లలు పలచగా ఉంటారు, దాంతో సగటు కిందికి జారుతుంది.

హరాంబే బడుల్లో చాలావాటిని సర్కారు తర్వాత తనలో కలిపేసుకుంది. ఆనాడు కోడిని వేలానికి పెట్టినవాళ్ల మనవలు, మనవరాళ్లు ఇప్పుడు ఈ 22,244 లెక్కలో ఉన్నారు.