వెండి బూట్లు ఎర్రగా ఎప్పుడయ్యాయి? ఓజ్ కథల మీద అపోహలు - వాస్తవాలు

పిల్లల పుస్తకాలు తెలుగులోకి తేవడం నా పని. ఆ మధ్య ఓజ్ కథల్లో మొదటి పుస్తకం చేస్తుంటే, బొమ్మలు వేసే అబ్బాయి అట్టకోసం ఒక స్కెచ్ పంపాడు. బాగా కుదిరింది. డోరతీ కాళ్లకి మాత్రం ధగధగలాడే ఎర్ర బూట్లున్నాయి. "ఎర్రవి కాదు బాబూ, వెండివి" అని ఫోన్ చేస్తే, "లేదండీ, నేను చూశాను కదా" అన్నాడు. చూసిన మాట నిజమే. చదవలేదు, అంతే.

ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన ఈ పుస్తకం 1900లో షికాగోలో అచ్చయింది. అమెరికాలోని కాన్సస్‌లో ఉండే డోరతీ అనే పిల్ల ఇంటితో సహా గాలికి ఎగిరి ఓజ్ అనే మాయదేశంలో పడుతుంది. గడ్డిబొమ్మ, రేకు మనిషి, పిరికి సింహం తోడుగా, పసుపు ఇటుకల బాట పట్టి మరకత నగరంలో ఉండే మాంత్రికుడి దగ్గరికి వెళ్తుంది. ఇదీ కథ. మనలో చాలామందికి తెలిసిన ఓజ్ మాత్రం 1939లో హాలీవుడ్‌లో ఎంజీఎం తీసిన సినిమా. అపోహల్లో సగం అక్కడే పుట్టాయి.

అపోహ: డోరతీవి కెంపుల బూట్లు, మంత్రగత్తె ఒళ్లు ఆకుపచ్చ.

పుస్తకంలో అవి వెండి బూట్లు. కలర్ సినిమా కొత్తగా వస్తున్న రోజులవి. తెర మీద వెండి కంటే ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని స్క్రిప్టు రాసేటప్పుడే మార్చేశారు. ఆకుపచ్చ ఒళ్లు కూడా సినిమా పుణ్యమే. బామ్ రాసిన పడమటి మంత్రగత్తె నాకు అంతకంటే ఎక్కువ నచ్చింది. ఆమెకి ఉన్నది ఒకే కన్ను, అదీ దుర్భిణి లాంటిది. చేతిలో ఉండేది చీపురు కాదు, గొడుగు. దాంతో కుక్కపిల్ల టోటోని ఒక్కటి వేస్తే, అది తిరగబడి కాలు కొరుకుతుంది. చుక్క రక్తం రాదు. అంత దుర్మార్గురాలు కాబట్టి ఒంట్లో రక్తం ఎన్నో ఏళ్ల కిందటే ఎండిపోయిందట! ఈ వాక్యం తెలుగులో పెట్టేటప్పుడు నాకు మా అమ్మమ్మ చెప్పిన రాక్షసి కథలన్నీ గుర్తొచ్చాయి.

అపోహ: అదంతా డోరతీ కన్న కల.

సినిమాలో కలే. పుస్తకంలో ఓజ్ నిజంగా ఉన్న దేశం. తిరుగు ప్రయాణంలో వెండి బూట్లు ఎడారిలో ఎక్కడో జారిపోతాయి. డోరతీ మేజోళ్లతో ఇంటి ముందు దిగేసరికి ఎదురుగా కొత్త ఇల్లు. పాతది గాలికి ఎగిరిపోయింది కాబట్టి హెన్రీ పెదనాన్న మళ్లీ కట్టుకున్నాడు. కలే అయితే ఆయనకి ఇల్లు కట్టుకునే అవసరమేముంది? పైగా ఆరో పుస్తకంలో పెదనాన్న, పెద్దమ్మ కూడా డోరతీతో కలిసి ఓజ్‌కే కాపురం వెళ్లిపోతారు.

'పెదనాన్న' అన్న మాట దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. ఇంగ్లిష్‌లో అంకుల్ అనేస్తే చాలు, తండ్రి వైపా తల్లి వైపా అని ఎవరూ అడగరు. బామ్ కూడా చెప్పలేదు. మామయ్య అంటే చదివేవాళ్లు ముందుగా తల్లి వైపే అనుకుంటారు. పెదనాన్న, పెద్దమ్మ అంటే తండ్రికి అన్నావదినలైనా కావచ్చు, తల్లికి అక్కాబావలైనా కావచ్చు. బతికిపోయాను.

అపోహ: ఇల్లు తుపానులో కొట్టుకుపోయింది.

ఈ తప్పు మొదటి ప్రతిలో నేనే చేశాను. బామ్ వాడిన మాట సైక్లోన్. మన కోస్తాలో సైక్లోన్ అంటే సముద్రంలో పుట్టే తుపాను. వాయుగుండం అంటారు, ఓడరేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తారు, రెండు మూడు రోజులు టెన్షన్. కాన్సస్‌కి సముద్రమే లేదు. అక్కడి జనం ఆ రోజుల్లో సైక్లోన్ అని పిలిచింది టోర్నడోని, అంటే నేల మీద గిర్రున తిరుగుతూ వచ్చి నిమిషాల్లో ఇల్లు లేపుకుపోయే సుడిగాలిని. కథకి కావలసింది అదే.

అపోహ: ఇది పిల్లల కథ కాదు, డబ్బు రాజకీయాల మీద రహస్యంగా రాసిన కథ.

కాలేజీ ఎకనామిక్స్ పాఠాల్లో కూడా ఇది వినిపిస్తుంది. డబ్బుకి బంగారమొక్కటే ఆధారమా, వెండి కూడానా అని అప్పట్లో అమెరికాలో పెద్ద గొడవ. రైతుల పక్షాన నిలిచిన పాపులిస్టు ఉద్యమం వెండి కూడా కావాలనేది. ఆ గొడవే ఈ కథట: పసుపు బాట బంగారం, డోరతీ బూట్లు వెండి, గడ్డిబొమ్మ రైతు, రేకు మనిషి ఫ్యాక్టరీ కూలీ, పిరికి సింహం అప్పటి నాయకుడు విలియం జెన్నింగ్స్ బ్రయాన్ అని. ఈ లెక్కంతా 1964లో హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే స్కూల్ టీచర్ రాసిన వ్యాసంలోది. పిల్లలకి చరిత్ర పాఠం ఆసక్తిగా చెప్పడానికి ఆయన అల్లుకున్న పోలిక అది. బామ్ ఆ పాపులిస్టు ఉద్యమానికి మద్దతుదారు అనడానికి ఆధారం లేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. పాఠం చెప్పడానికి పోలిక బాగానే ఉంటుంది. రచయిత మనసులో మాట అని చెప్పడమే తప్పు.

అపోహ: మరకత నగరం అంతా పచ్చలే.

గుమ్మం దగ్గరే అందరికీ ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టి తాళం వేస్తారు. అందుకే పచ్చగా కనిపిస్తుంది. మాంత్రికుడే చివర్లో ఒప్పుకుంటాడు.

అపోహ: బామ్ మొదటినుంచీ సిరీస్ అనుకునే రాశారు.

ఒక్క పుస్తకంతో సరిపెట్టాలనుకున్నారు. 1902లో దాన్ని నాటకంగా వేస్తే విరగబడి ఆడింది, పిల్లలు ఇంకా కావాలని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. 1904లో రెండోది వచ్చింది. 1910లో, ఆరో పుస్తకం చివర ఓజ్ బయటి ప్రపంచానికి కనిపించకుండా పోయిందనీ, ఇక కబుర్లు అందవనీ రాసి దండం పెట్టేశారు. మరుసటి ఏడాదే దివాలా తీశారు. అంతకుముందు ఓజ్ కథలతో స్లైడ్లు, ఫిల్ములు కలిపి ఊరూరా వేసిన ప్రదర్శన ఆయన్ని అప్పుల్లో ముంచింది. 1913లో మళ్లీ మొదలుపెట్టాలి, మరి కబుర్లు ఎలా అందినట్టు? వైర్‌లెస్ టెలిగ్రాఫ్ ద్వారా అన్నారు! ఆ తర్వాత ఏడాదికొకటి. 1919లో ఆయన పోయారు, పద్నాలుగోది 1920లో వచ్చింది. ఆపైన రూత్ ప్లమ్లీ థాంప్సన్ అనే ఆమె మరో 19 రాశారు.

అపోహ: భయపెట్టేవి ఏవీ లేని మెత్తని కథ.

గుండెకోతలు, పీడకలలు లేని కథ ఇదని ముందుమాటలో బామే రాసుకున్నారు. లోపలికి వెళ్తే రేకు మనిషి గొడ్డలితో 40 తోడేళ్ల తలలు నరుకుతాడు, గడ్డిబొమ్మ 40 కాకుల మెడలు విరిచేస్తుంది. తీసేద్దామా అని ఎడిటర్ అడిగారు. పిల్లలు దీనికి బెదరరని చెప్పి ఉంచేశాను.

బామ్ దయామయుడని కూడా అంటుంటారు. 1890-91లో డకోటాలో పత్రిక నడిపేటప్పుడు, మూలవాసులైన అమెరికన్ ఇండియన్లని సమూలంగా నిర్మూలించాలని సంపాదకీయాలు రాసిందీ ఈయనే. దీన్ని రచయిత పరిచయంలో పెట్టాను. పిల్లలకి కాకపోయినా, కొనిపెట్టే పెద్దలకి తెలియాలి.

మొన్న ఆ అబ్బాయి కొత్త స్కెచ్ పంపాడు. బూట్లు వెండివి. మంత్రగత్తె చేతిలో గొడుగు. కళ్లు మాత్రం రెండు వేశాడు. మళ్లీ ఫోన్ చేయాలి.