పాత ల్యాప్‌టాప్‌లో ఆట ఎక్కడ ఆగుతుంది?

వేసవి సెలవులు మొదలయ్యేసరికి విజయవాడ, గుంటూరు ఇళ్లలో బీరువా అడుగున పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి బయటికి వస్తుంది. అన్నయ్య ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కొన్న ఆ యంత్రంలో తమ్ముడు దిమ్మెలతో ప్రపంచం కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట పెట్టమంటాడు. మొదట్లో బాగానే నడిచిన ఆట కాసేపటికి నత్తనడక పడుతుంది, ఫ్యాను హోరెత్తుతుంది, తెర మీద బొమ్మ ముక్కలు ముక్కలుగా కదులుతుంది. ప్రాసెసర్ పాతబడిపోయిందని, కొత్తది కొనడం తప్ప మార్గం లేదని ఇంట్లోనూ షాపులోనూ ఒకే మాట వినిపిస్తుంది. ఈ తీర్పు చాలాసార్లు తొందరపాటే. పదేళ్ల కిందటి ప్రాసెసర్ లెక్కలు చేయడంలో మనం అనుకునేంత వెనకబడి ఉండదు. దానికి కావలసిన సమాచారం వేళకు లోపలికి రాకపోవడం, అందులో పుట్టిన వేడి వేళకు బయటికి పోకపోవడం, ఎక్కువగా ఈ రెండే ఆటను ఆపుతాయి.

కదలిక సాఫీగా కనిపించాలంటే తెర మీది దృశ్యం సెకనుకు 60 సార్లు, తప్పదనుకుంటే 30 సార్లయినా కొత్తగా తయారుకావాలి. అలా తయారయ్యే ఒక్కో దృశ్యాన్ని ఫ్రేము అంటారు. ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 60 దగ్గర 16.7 మిల్లీసెకన్లు, 30 దగ్గర 33.3 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలోనే ఎవరు ఎక్కడ ఉన్నారో, ఏది దేనికి తగిలిందో ప్రాసెసర్ తేల్చాలి, గ్రాఫిక్స్ విభాగం దానిని బొమ్మగా గీయాలి. సగటు వేగం ఎంత బాగున్నా, మధ్యలో ఒక్క ఫ్రేము 200 మిల్లీసెకన్లు తీసుకుంటే కంటికి కనిపించేది ఆ ఒక్క కుదుపే. కాబట్టి సగటు అంకె చూసి సంతోషపడడం కన్నా, ఆ కుదుపు ఎక్కడ పుడుతోందో వెతకడం మేలు.

ఉదాహరణకు 2015లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-5200యూ ప్రాసెసర్‌ను తీసుకుందాం. ఇందులో లెక్కలు చేసే విభాగాలైన రెండు కోర్లతో పాటు హెచ్‌డీ గ్రాఫిక్స్ 5500 కూడా అదే చిప్‌లో ఉంటుంది. మామూలు వేగం 2.2 గిగాహెర్ట్జ్, అవసరమైనప్పుడు కాసేపు వేగం పెంచుకునే టర్బోలో 2.7 దాకా వెళుతుంది. కోర్లకూ గ్రాఫిక్స్‌కూ కలిపి నిర్ణయించిన వేడి పరిమితి 15 వాట్లు. గ్రాఫిక్స్ ఎక్కువ వాడుకుంటే కోర్లకు తక్కువ మిగులుతుంది. ఆ 15 వాట్లయినా పూర్తిగా దక్కుతాయా అన్నది గది మీద ఆధారపడి ఉంటుందన్న సంగతి మన ఊళ్లలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది.

వేడి ప్రవాహం రెండు చోట్ల ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. చిప్ 95 డిగ్రీల దగ్గర తన వేగాన్ని తగ్గించుకుంటుందనుకుందాం. ఏసీ వేసి 25 డిగ్రీల దగ్గర ఉంచిన గదిలో ఆ తేడా 70 డిగ్రీలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండు గంటలకు, హాల్లో గాలి 40 డిగ్రీలుంటే తేడా 55 డిగ్రీలకు పడిపోతుంది. అదే ఫ్యాను, చిప్ వేడిని దాని దగ్గరికి మోసే అదే రాగి గొట్టం మొదటి గదిలో 15 వాట్ల వేడిని బయటికి పంపగలిగితే, రెండో గదిలో సుమారు 11.8 వాట్లే పంపగలవు. యంత్రంలో ఏ భాగమూ చెడిపోకుండానే ఐదో వంతు శక్తి పోయినట్టు. ఉదయం ఆడిన ఆట మధ్యాహ్నం ఆడకపోవడం పిల్లల భ్రమ కాదు.

దీనికి దుమ్ము తోడవుతుంది. వెనక మూత స్క్రూలు విప్పి చూస్తే ఫ్యాను రెక్కలు శుభ్రంగానే కనిపించవచ్చు. ఫ్యానును కూడా ఎత్తి, దానికీ రాగి గొట్టం చివర ఉన్న పల్చని రేకుల వరసకూ మధ్య చూడాలి. దుమ్ము, దూది పీచు, వెంట్రుకలు కలిసి అక్కడ మందపాటి పొరగా పేరుకొని ఉంటాయి. పట్టకారుతో అంచు పట్టుకొని లాగితే ఆ పొర ఒకే ముక్కగా ఊడివస్తుంది. మూత తీయకుండా బయటి నుంచి బ్లోయర్‌తో ఊదితే అదే చెత్త వెనక్కి వెళ్లి ఫ్యానులో పడే అవకాశం ఉంది. చిప్‌కూ రాగి పలకకూ మధ్య పూసిన థర్మల్ పేస్టు కూడా ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతుంది కనుక, మూత తీసిన పనిలో పనిగా దానిని తుడిచి కొత్తది పూయించడం మంచిది. ఇంత చేసి ల్యాప్‌టాప్‌ను మళ్లీ పరుపు మీద పెట్టి ఆడితే మాత్రం కింది గాలి రంధ్రాలు మూసుకుపోయి ఈ శ్రమంతా వృథా అవుతుంది.

వేడి విషయంలో ఇంకొక మార్గం పైకి విడ్డూరంగా తోస్తుంది: ఆట నిలకడగా నడవాలంటే ప్రాసెసర్‌ను కొంచెం నెమ్మదించాలి. చిప్ వాడుకునే శక్తి స్థూలంగా వోల్టేజీ వర్గానికీ, వేగానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. రెండింటినీ పది శాతం తగ్గిస్తే శక్తి దాదాపు 27 శాతం తగ్గుతుంది. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి మారిస్తే సాధారణంగా టర్బో ఆగిపోతుంది. కాసేపు 2.7 దగ్గర పరుగెత్తి, తర్వాత వేడెక్కి 1.2కి కూలిపోవడం కన్నా, మొదటి నుంచి చివరి దాకా 2.2 దగ్గర నిలబడడం ఆటకు ఎంతో మేలు. ఆట సెట్టింగ్‌లలో ఫ్రేములను 30కి పరిమితం చేసినా ఇలాంటి ఫలితమే వస్తుంది. కరెంటు పోయి యంత్రం బ్యాటరీ మీదికి మారినప్పుడు వచ్చే మందగమనం వేరు. అది ఛార్జి ఆదా కోసం విండోస్ చేసే పని, కరెంటు రాగానే సర్దుకుంటుంది.

ఇక లోపలికి వచ్చే సమాచారం సంగతి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రాలలో దానికి సొంత మెమరీ ఉంటుంది. 2016లో వచ్చిన ఎన్‌విడియా జీటీఎక్స్ 1050 తన మెమరీతో సెకనుకు 112 గిగాబైట్ల దాకా ఇచ్చిపుచ్చుకోగలదు. మన ఉదాహరణలోని చిప్‌కు అలాంటిదేమీ లేదు, ప్రాసెసర్ వాడుకునే తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్‌నే గ్రాఫిక్స్ కూడా పంచుకోవాలి. 1600 వేగం గల డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే గరిష్ఠంగా సెకనుకు 12.8 గిగాబైట్లు, రెండు స్లాట్లలో రెండు స్టిక్కులుంటే 25.6 గిగాబైట్లు. ప్రకాశం బ్యారేజీ ఎగువన ఎంత నీరు నిలిచినా కాలువకు అందేది తలుపులు ఎత్తిన మేరకే కదా, ఇక్కడా అంతే. ఎనిమిది గిగాబైట్ల స్టిక్ ఒకటి కన్నా నాలుగేసి గిగాబైట్లవి రెండు ఉన్న యంత్రం ఆటలో మెరుగ్గా నడవడానికి కారణం ఇదే, మొత్తం పరిమాణం రెండింటిలోనూ సమానమైనా సరే.

రెండో స్లాటు ఉందో లేదో తెలుసుకోవడానికి మూత తీయనక్కరలేదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ మీద నొక్కితే "స్లాట్స్ యూజ్డ్" అన్న వరసలో రెండింటిలో ఒకటే వాడుకలో ఉందని కనిపించవచ్చు. అలా కనిపిస్తే సంతోషించాలి, ఎందుకంటే పాత ల్యాప్‌టాప్ మీద పెట్టగల ఖర్చులలో ఇంతటి గిట్టుబాటు మరొకటి లేదని నా అభిప్రాయం. గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో సెకండ్ హ్యాండ్ స్టిక్ కొనేటప్పుడు లేబుల్ మీద "పీసీ3ఎల్" అని ఉందో లేదో చూసుకోవాలి. ఈ ప్రాసెసర్‌కు 1.35 వోల్టుల రకమే పనికివస్తుంది, చివరి ఎల్ లేని 1.5 వోల్టులది కాదు.

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో ఈ భారమంతా ఎలా పెరుగుతుందో లెక్క కట్టి చూడవచ్చు. ఈ ప్రపంచం 16 దిమ్మెల పొడవు, 16 దిమ్మెల వెడల్పు గల చంక్‌లుగా విభజించి ఉంటుంది. రెండర్ డిస్టెన్స్ 12 అని పెడితే ఆటగాడి చుట్టూ ప్రతి దిక్కునా 12 చంక్‌లు, అంటే 25ను 25తో గుణిస్తే 625 చంక్‌లు. దానిని 6కు తగ్గిస్తే 13ను 13తో గుణించి 169. చూపు సగమైతే పని దాదాపు నాలుగో వంతుకు దిగుతుందన్నమాట. 2021 నవంబరులో వచ్చిన 1.18 వెర్షన్ ప్రపంచం ఎత్తును 256 దిమ్మెల నుంచి 384కు పెంచింది. ఇప్పుడు ఒక్కో చంక్‌లో 98,304 స్థానాలు, రెండర్ డిస్టెన్స్ 12 దగ్గర మొత్తం ఆరు కోట్ల పైచిలుకు. భూమిలో కూరుకుపోయి కనిపించని దిమ్మెలను ఆట గీయదు, నిజమే. కానీ వాటి సమాచారాన్ని మెమరీలో ఉంచక తప్పదు. అంతకుముందు సాఫీగా నడిచిన ఆట అప్‌డేట్ తర్వాత మొరాయించడంలో ల్యాప్‌టాప్ తప్పేమీ లేదు.

తెర రిజల్యూషన్ తగ్గించమన్న సలహా అందరూ ఇస్తారు. అయితే ఆ కాలపు తెరల్లో చాలా వాటికి 1366×768, అంటే 10,49,088 చుక్కలే ఉంటాయి. 1280×720కు దిగితే 9,21,600, పన్నెండు శాతమే ఆదా. దీనికి మరో ఉపయోగం ఉంది. రిజల్యూషన్ బాగా తగ్గించి, ఎఫ్3 కీ నొక్కి ఫ్రేముల అంకె చూడాలి. అంకె పెరిగితే గ్రాఫిక్స్ దగ్గర ఇరుకుందని అర్థం, కదలకపోతే ఇబ్బంది ప్రాసెసర్ దగ్గరో వేడి దగ్గరో ఉంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగాన్ని ఆట మొదట్లో ఒకసారి, పావుగంట తర్వాత ఒకసారి చూస్తే ఆ రెండింటిలో ఏదో కూడా తేలిపోతుంది.

మొత్తం నాలుగు గిగాబైట్ల ర్యామ్‌తో ఆడేవారు ఈ ఆటను నడిపే జావాకు కేటాయించే రెండు గిగాబైట్లను మూడుకు పెంచి ఇంకా ఇబ్బంది కొనితెచ్చుకుంటారు. విండోస్‌కూ గ్రాఫిక్స్‌కూ చోటు చాలక సమాచారం హార్డ్ డిస్కుకు పోవడం మొదలవుతుంది. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 11.1 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు డిస్కును చదివే తల కిందికి రావడానికే సగటున 5.6 మిల్లీసెకన్లు, తల జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. ఫ్రేముకు ఉన్నది 16.7 మిల్లీసెకన్లే కనుక ఒక్క వెతుకులాటతోనే అది ఖర్చయిపోతుంది. తిరిగే డిస్కు లేని ఎస్‌ఎస్‌డీ ఈ పనిని మిల్లీసెకనులో చిన్న భాగంలో ముగిస్తుంది కాబట్టి కుదుపులు తగ్గుతాయి, అయినా అది ర్యామ్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఇంటర్నెట్‌లో దొరికే "గేమ్ బూస్టర్" ప్రోగ్రాములు ఈ సమస్యలలో దేనినీ తీర్చవు.

కొన్ని అడ్డంకులు ఎంత శుభ్రం చేసినా తొలగవు. 2013 నాటి నాలుగో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కు కొన్ని ఆటలు బొమ్మ గీయించుకోవడానికి వాడే డైరెక్ట్‌ఎక్స్ 12ను భద్రతా లోపం కారణంగా తర్వాతి డ్రైవర్లలో ఇంటెల్ సంస్థే నిలిపివేసింది. ఏవీఎక్స్ అనే ప్రాసెసర్ ఆదేశాలు తప్పనిసరి చేసిన ఆటలు, అవి లేని పాత పెంటియం, సెలెరాన్ చిప్‌ల మీద తెరుచుకోనే తెరుచుకోవు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8లకు మద్దతు మానేసింది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఈ విషయంలో కొంత ఉదారమైనది. దాని లాంచర్‌లో ఇన్‌స్టాలేషన్స్ విభాగానికి వెళ్లి 1.12.2 వంటి పాత వెర్షన్‌ను ఎంచుకొని, 256 దిమ్మెల ఎత్తున్న ప్రపంచంలోనే ఆడుకోవచ్చు. కొత్త వెర్షన్‌లో కట్టుకున్న ప్రపంచాన్ని పాతదానిలో తెరిస్తే పాడవుతుంది కనుక ఆ వెర్షన్‌కు వేరే ఫోల్డరు పెట్టుకోవాలి. స్నేహితుల సర్వర్‌లో చేరి ఆడాలనుకుంటే మాత్రం, ఆ సర్వర్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో ముందుగా వారినే అడిగి తెలుసుకోవాలి.